గ్రంథాలయ సెస్సు

మార్చి ఆఖరంటే నాకు
ఎండ కంటే ముందు ఎర్ర నోటీసులు యాదికొస్తయి.
సంచిల రసీదు మిషను, చంకల డిమాండు రిజిస్టరు,
నా బండి సప్పుడు వింటే చాలు
కొత్తవాడల తలుపులు నిద్రపోతయి.
తలుపుల తప్పు కాదది.

ఇరవై రెండేండ్ల సంది తిరుగుతున్న ఈ గల్లీలు.
మనుషులు నాకు ఇంటి నంబర్లతోనే గుర్తు.
నంబరుకు ఒక బై ఉంటే
అన్నదమ్ములు పంచుకున్నరని,
బై కింద ఇంకో బై ఉంటే
కొట్లాడి పంచుకున్నరని.

సామల వైకుంఠం ఇంటికి రెండు బైలు.
ముందర్రల మగ్గం గుంత.
కొలతల ఏడాది టేపు పట్టింది నేనే:
పొడుగింత, అడ్డమింత,
మగ్గం నడుస్తున్నది గనక
ముందర్ర కమర్షియల్ అని రాసింది కూడా నేనే.
"సారూ, గుంత లోతు రాస్తలేవేంది?" అన్నడాయన
నడుము దాకా భూమిల కూసొని, నవ్వుకుంట.
లోతుకు కాలమ్ లేదు మా రిజిస్టర్ల.
"పన్నుకూ పన్నెకూ ఒక్క గుణింతమే తేడా,
ఒకటి నేస్తది, ఒకటి ఇప్పుతది" అన్నడు మళ్ల.
చాయ తాపిచ్చి పంపిండు.

ఆయన పోయి ఏడేండ్లు.
ఇప్పుడా గుంతల ఉల్లిగడ్డలు, ఖరాబైన కూలరు,
సగం నేసి ఇడిసిపెట్టిన జంపఖానా ఒకటి.
కాయిదం మీద మాత్రం మగ్గం ఆడుతనే ఉంది,
ఆర్నెల్లకోసారి.

కమర్షియల్ తీసెయ్యమని భూదమ్మ మూడు అర్జీలు పెట్టింది.
మొదటిది నాలా పొంగిన ఏడాది
వార్డు ఆఫీసుల తడిసిపోయింది.
రెండోది పెద్దాఫీసుకు పోయింది.
పోయింది అంటే పోయింది.
మూడోది నా దగ్గరనే ఉన్నది, రిజిస్టరు అట్ట లోపట,
పోయిన దసరా సంది.
చెప్పిన గద, తలుపుల తప్పు కాదని.

మొన్న బడ్జెటు మీటింగుల
ఆఖరి వరుస కుర్చీ నాది, ఫైళ్లందించుడు పని.
కోట్లు సదివిన్రు. నాలాలకు, లైట్లకు, కుక్కలకు,
పార్కుల నిలబెట్టే సిమెంటు జింకలకు.
పద్దు పద్దుకూ బల్లలు చరిచిన్రు.
సమోసాలు వచ్చేవరకు సగమైంది,
చేతులు తుడుసుకునేవరకు ఆమోదమైంది.
బల్ల మీద చెయ్యి పడ్డప్పుడల్ల నాకెందుకో
ఆ ముందర్రల సప్పుడే ఇనవడ్డది.

ముప్పై ఒకటి రాత్రి పదకొండు దాటినంక వచ్చింది భూదమ్మ.
కొంగు ముడి ఇప్పితే
నలిగిన నోట్లు, చిల్లర, పసుపంటిన పది రూపాయల బిళ్లలు.
ఆరు రూపాయలు తక్కువ.
నా జేబుల నుంచి ఏసిన. జాలి కాదు,
లెక్క ముగియాలె.
మిషను గుర్రుమని రసీదు కక్కింది.
"మొత్తం సదువు" అన్నది.

సదివిన. ఇంటి పన్ను, పాత బాకీ, దాని మీద మిత్తి,
గ్రంథాలయ సెస్సు నూట పన్నెండు...
"గదేంది?"
"లైబ్రరీకమ్మా. పుస్తకాలు కొంటరు."
"ఏడున్నదది?"
"చౌరస్తా అవతల. తాళమేసి ఉంటది శాన సార్లు."

వేళ్ల మీద ఏదో లెక్కవెట్టుకున్నది, పెదవులు కదుపుకుంట.
రంగు దిగని వేళ్లు, గోర్ల కింద ఇంకా ఎరుపు.
"నాకు సదువు రాదు బిడ్డా.
నలభై ఏండ్లు కట్టినం, ఆయనా నేనూ.
అండ్ల మాయి ఎన్ని పుస్తకాలుంటయి?"

వెనుక లైను కసురుతున్నది.
తెర మీద చక్రం తిరుగుతున్నది,
పన్నెండైతే ఏడాది మూసుకపోతది.
రిజిస్టరు అట్ట లోపటి నుంచి
మూడో అర్జీ తీసి కౌంటరు మీద పెట్టిన.
ఇన్‌వర్డు ముద్ర కొట్టిన.
ముద్రల ఉన్నది ఇయ్యాల్టి తేదీ,
దసరా కాదు.

ఆమె దాని దిక్కే చూడలే.
"ఆ నూట పన్నెండు," అన్నది,
"ఇంకోసారి సదువు."